సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: కొనుగోలుకు ముందు తనిఖీ, పొడిగించిన వారంటీ, సరిహద్దు కాగితాలు

కొత్తగా కొనాలంటే సామాన్యునికి అందని స్పోర్ట్స్ కారు ఏడెనిమిదేళ్ళు గడిచేసరికి మధ్యతరగతి ఉద్యోగి పొదుపుకు అందుబాటులోకి వస్తుంది. అయితే కారు ధర తగ్గినంతగా దాని విడిభాగాల ధర తగ్గదు. కోటి రూపాయల కారు ఇరవై లక్షలకు లభించినా, దాని గేర్‌బాక్స్ మాత్రం కోటి రూపాయల కారు గేర్‌బాక్సే. ఈ ఒక్క సత్యాన్ని మరచినవారి ఇళ్ళలో కారు షెడ్డులోనూ, అప్పు బ్యాంకులోనూ మిగిలిపోతున్నాయి.

హోసూరు, బళ్ళారి, కోలారు, బరంపురం, యానాం వంటి ప్రాంతాలలో నివసించే తెలుగువారికి మరొక చిక్కు కూడ ఉన్నది. కారు ఒక రాష్ట్రంలో, కొనుగోలుదారు మరొక రాష్ట్రంలో ఉండడం మనకు సాధారణం. కావున యంత్రాన్నీ, వారంటీనీ, కాగితాలనూ మూడింటినీ పరీక్షించవలసి ఉంటుంది. ఆ మూడింటి వివరాలను వరుసగా పరిశీలిద్దాం.

1. తనిఖీ ఎవరు చేయాలి?

తనిఖీ చేయించే ఖర్చు కొనుగోలుదారుడే భరించాలి. మెకానిక్కును కూడ కొనుగోలుదారుడే ఎంచుకోవాలి. అమ్మేవారు చూపించిన మెకానిక్కు ఎంత నిపుణుడైనా, అతని నివేదికను నమ్మదగినదిగా భావించరాదు. అదే కంపెనీ కార్లను నిత్యం బాగుచేసే వర్క్‌షాప్, లిఫ్టు, ఆ కంపెనీకి సరిపడే స్కానర్ ఉన్నచోట తనిఖీ జరగాలి. నివేదిక నోటిమాటగా కాక, తేదీ, కిలోమీటరు అంకె, 17 అక్షరాంకెల ఛాసిస్ నంబరుతో సహా కాగితం మీద ఉండాలి.

బయానా ఇవ్వక తప్పని పక్షంలో "తనిఖీలో లోపం బయటపడితే బయానా పూర్తిగా తిరిగి ఇవ్వబడును" అన్న వాక్యాన్ని రశీదుపై వ్రాయించుకోవాలి. దీనికి ఒప్పుకోని అమ్మకందారుని వద్ద నుండి మర్యాదగా లేచి రావడం మంచిది.

2. తనిఖీలో చూడవలసినవి

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి స్టార్టు చేయాలి. మనం వెళ్ళేసరికే ఇంజిన్ వేడెక్కి ఉంటే కారణం అడగాలి. చల్లని ఇంజిన్ నుండి వచ్చే నీలిపొగ, గొలుసు చప్పుడు వేడెక్కిన తరువాత మాయమవుతాయి.

స్కానర్‌తో కంప్యూటరులోని లోపాల సంకేతాలను చదివించాలి. ముందురోజే వాటిని చెరిపివేసి ఉండవచ్చు. అలా చెరిపిన కారులో కాలుష్య నియంత్రణ భాగాల స్వయంపరీక్షలు "పూర్తికాలేదు" అని చూపుతాయి. అదే ఒక హెచ్చరిక. పోర్షె వంటి కార్లలో ఇంజిన్‌ను పరిమితికి మించి ఎన్నిమార్లు తిప్పారో కూడ కంప్యూటరు నమోదు చేసి ఉంచుతుంది. ఆ లెక్కను తప్పక అడగాలి.

కంప్రెషన్ పరీక్ష, లీక్‌డౌన్ పరీక్ష అనే రెండింటి వల్ల సిలిండర్ల ఆరోగ్యం తెలుస్తుంది. లీక్‌డౌన్ 10 శాతం లోపు ఉంటే సాధారణంగా మంచిదనీ, 20 శాతం దాటితే ఆందోళనకరమనీ భావిస్తారు. అన్ని సిలిండర్ల అంకెలు ఇంచుమించు సమానంగా ఉన్నాయా అన్నది అంతకంటె ముఖ్యం.

రంగు మందాన్ని కొలిచే చిన్న పరికరం ప్రమాద చరిత్రను బయటపెడుతుంది. కర్మాగారపు రంగు సాధారణంగా 100 నుండి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒక్క తలుపు మీద మాత్రమే 300 దాటితే మరల రంగు వేశారని, 1000 దాటితే లోపల లప్పం నింపారని అర్థం. అల్యూమినియం రేకులున్న కార్లకు ఆ లోహాన్ని కూడ కొలవగల పరికరం కావాలి. కార్బన్ ఫైబర్ భాగాల మీద మామూలు పరికరం పనిచేయదు.

స్పోర్ట్స్ కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి. మన స్పీడ్ బ్రేకర్లకు అడుగుభాగం ఒరుసుకొని ఆయిల్ సంపు, రేడియేటర్ల అడుగు దెబ్బతిని ఉండడం పరిపాటి. లిఫ్టు మీద ఎత్తించనిదే ఇది తెలియదు. టైరు పక్కభాగంలోని నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. ఉదాహరణకు 3219 అంటే 2019వ సంవత్సరం 32వ వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా ముసలి టైరు వేగానికి పనికిరాదు.

వరదనీటిలో మునిగిన కార్ల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం. 2015 డిసెంబరులో చెన్నై, 2020 అక్టోబరులో హైదరాబాదు, 2022 సెప్టెంబరులో బెంగళూరు, 2024 సెప్టెంబరులో విజయవాడ వరదలలో అనేక కార్లు మునిగాయి. అటువంటివి శుభ్రపడి మరొక రాష్ట్రంలో అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూస్తే బురద చార కనబడవచ్చు. కార్పెట్టు ఎత్తి, సీట్ల క్రింది ఇనుప పట్టాలకు త్రుప్పు ఉందేమో చూడాలి. దీపాల లోపల తేమ, అత్తరు వాసన మాటున ముక్కవాసన కూడ గుర్తులే.

కిలోమీటరు అంకెను నమ్మవలసింది సర్వీసు రికార్డును బట్టియే. స్టీరింగు తోలు, పెడళ్ళ రబ్బరు, డ్రైవరు సీటు అంచు అరిగిన తీరు మీటరులోని అంకెతో పొసగుతున్నదా అని సరిచూడాలి.

3. మోడలుకొక బలహీనత

ప్రతి మోడలుకూ పేరుపడిన బలహీనత ఒకటి ఉంటుంది. తనిఖీకి ముందే దానిని తెలుసుకొని మెకానిక్కుకు చెప్పాలి.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ పోర్షె. 1997 నుండి 2008 వరకు మోడళ్ళ బాక్స్‌టర్, 911 కార్లలో చాలావాటి ఇంజిన్లకు ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే కడ్డీ ఒకటి ఉన్నది. దానిని మోసే బేరింగు విరిగితే లోహపు పొడి ఆయిల్‌లో కలిసి, కవాటాల క్రమం తప్పి, ఇంజిన్ మొత్తం పాడవుతుంది. ఈ లోపం అన్ని కార్లలో రాదు. వస్తే మాత్రం ఇంజినే పోతుంది. 2009 మోడలు నుండి వచ్చిన కొత్త ఇంజిన్లలో ఆ కడ్డీయే లేదు. ఆయిల్ ఫిల్టరును కోసి లోహపు రజను ఉందేమో చూడడం, బేరింగు మార్చిన బిల్లు ఉందేమో అడగడం తనిఖీలో చేయగలిగిన పనులు. గేర్‌బాక్సును దించితే తప్ప ఆ బేరింగు చేతికందదు. అందువలన తెలిసినవారు క్లచ్చి మార్చేటప్పుడే దీనినీ మార్పిస్తారు.

మన దేశంలో తరచుగా చేతులు మారే ఉదాహరణ ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐ. 2013లో వచ్చిన ఈ చిన్న కారులో 1.2 లీటర్ల టర్బో ఇంజినుకు ఏడు గేర్ల డ్రై క్లచ్చి డీఎస్‌జీ పెట్టెను జతచేశారు. ఈ జాతి పెట్టెలలో మెకట్రానిక్స్ అనే నియంత్రణ భాగం మొరాయించడం పలు దేశాలలో తెలిసిన సంగతి. 2013లో చైనాలో ఫోక్స్‌వాగన్ డీఎస్‌జీ కార్లను 3,84,000కు పైగా వెనక్కు పిలిపించింది. కావున ఇటువంటి కారును ట్రాఫిక్‌లో అరగంట నడిపి, మొదటి రెండు గేర్ల మధ్య వణుకు ఉందేమో గమనించాలి. ఖాళీ రోడ్డు మీద పది నిమిషాలు నడిపితే ఈ రోగం బయటపడదు.

4. పొడిగించిన వారంటీ అంటే ఏమిటి?

వారంటీ అన్న ఒక్క మాటతో మార్కెట్టులో నాలుగు వేరువేరు వస్తువులను అమ్ముతున్నారు. మొదటిది, తయారీ కంపెనీ ఇచ్చిన అసలు వారంటీలో మిగిలిన కాలం. రెండవది, కంపెనీయే రుసుము తీసుకొని పొడిగించినది. మూడవది, కంపెనీ ధ్రువీకరించిన పాత కార్లకు ఇచ్చేది. పోర్షె 'అప్రూవ్డ్' పథకంలో 111 అంశాల తనిఖీ తరువాత ఇచ్చే వారంటీ ఈ కోవలోనిది. నాల్గవది, పాత కార్ల వ్యాపారి లేదా వేరొక సంస్థ అమ్మే సేవా ఒప్పందం. ఈ నాలుగవదానిలోనే ఎక్కువ జాగ్రత్త అవసరం.

ఒప్పందం రెండు విధాలుగా ఉంటుంది. కొన్ని "ఈ క్రింది భాగాలకు మాత్రమే" అని పట్టిక ఇస్తాయి. కొన్ని "ఈ క్రింది భాగాలు తప్ప అన్నీ" అంటాయి. రెండవ తరహా మేలు. క్లచ్చి, బ్రేకులు, టైర్లు, రబ్బరు బుష్‌లు వంటి అరుగుదల భాగాలు రెండింటిలోనూ సాధారణంగా చేరవు.

మా పాఠశాలలో చదువుకొన్న ఒక యువకుడు రెండేళ్ళ క్రితం ఇటువంటి పత్రం తెచ్చి, "సార్, ఒకసారి చదివి చెప్పండి" అన్నాడు. ముఖపత్రం మీద "ఇంజిన్, గేర్‌బాక్సులకు సంపూర్ణ రక్షణ" అని పెద్ద అక్షరాలు. పదకొండవ పుటలో గేర్‌బాక్సు క్లచ్చిలు, ఎలక్ట్రానిక్ నియంత్రణ భాగం మినహాయింపు అని చిన్న అక్షరాలు. అతడు కొనబోయే కారులో చెడిపోయే అవకాశమున్నవి ఆ రెండే. వారంటీ డబ్బు మిగుల్చుకొని, ఆ మొత్తాన్ని మరమ్మతుల కోసం బ్యాంకులో వేసుకొన్నాడు.

సంతకానికి ముందు ఈ క్రింది ప్రశ్నలకు పత్రంలోనే జవాబు వెతకాలి:

అ) ఒక్కొక్క క్లెయిముకు పరిమితి ఎంత? మొత్తానికి ఎంత?
ఆ) మొదటి కొన్ని వారాలు క్లెయిము చేయరాదన్న నిబంధన ఉన్నదా?
ఇ) ముందునుండి ఉన్న లోపం అని ఎవరు, ఎలా నిర్ణయిస్తారు?
ఈ) ఇంజిన్ కంప్యూటరును మార్చి శక్తి పెంచిన కారుకు, రేసు ట్రాకుపై నడిపిన కారుకు వర్తిస్తుందా?
ఉ) ఏ వర్క్‌షాప్‌లో బాగుచేయించాలి? మీ ఊరికి అది ఎంత దూరం?
ఊ) విప్పి చూచే ఖర్చు ఎవరిది? విప్పకముందే అనుమతి కావాలా?
ఋ) కారును మరల అమ్మితే వారంటీ బదిలీ అవుతుందా?

లెక్క కొరకు ఒక ఊహా ఉదాహరణ తీసుకొందాం. వారంటీ రుసుము 80,000 రూపాయలు, ఒక్క క్లెయిము పరిమితి 1,50,000, గేర్‌బాక్సు మరమ్మతు 4,50,000 అనుకొందాం. సంస్థ 1,50,000 ఇవ్వగా మనకు మిగిలేది 3,00,000. రుసుముతో కలిపి 3,80,000. వారంటీ లేకుంటే 4,50,000. అంటే అతి పెద్ద మరమ్మతు వచ్చినా మనకు కలిగిన లాభం 70,000 మాత్రమే. అది రాకుంటే 80,000 నష్టం. పరిమితి అంకె రుసుము కంటె ముఖ్యమని దీనివల్ల తేటపడుతుంది.

తనిఖీకీ వారంటీకీ ఉన్న సంబంధాన్ని కూడ గ్రహించాలి. ఉన్న లోపాన్ని తనిఖీ చూపుతుంది. రాబోయే లోపానికి వారంటీ పనికివస్తుంది. క్లెయిము వచ్చినప్పుడు "ఇది పాత లోపం" అని సంస్థ వాదిస్తే, కొన్ననాటి తనిఖీ నివేదికే మనకు సాక్ష్యం. కావున తనిఖీ లేని వారంటీ బలహీనమైనది.

5. రాష్ట్రం దాటే కాగితాలు

మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం వేరే రాష్ట్రపు కారును మన రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. దానికి ముందు పాత ఆర్.టి.ఓ. కార్యాలయం నుండి 28వ ఫారముతో ఎన్.ఓ.సి. పొందాలి. యాజమాన్య మార్పుకు 29, 30 ఫారములు, బ్యాంకు అప్పు తీరినట్లు 35వ ఫారము, కొత్త నంబరుకు 27వ ఫారము కావాలి. కొన్నవారు 30 దినాలలోగా తమ ఆర్.టి.ఓ.కు తెలియజేయాలి. ఇక్కడి జీవితకాల పన్నును కారు ధరలో కలిపి లెక్కవేసుకోవాలి. "అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెత ఇటువంటివారికే తగులుతుంది.

పన్ను తక్కువ కావడం వలన పుదుచ్చేరి నంబరు గల విలాస కార్లు బజారులో తరచుగా కనిపిస్తాయి. యానాం నంబరు పీవై-04 కూడ ఆ కోవలోనిదే. అక్కడ నిజంగా నివసించేవారి కారుతో చిక్కులేదు. అయితే తప్పుడు చిరునామాలతో పుదుచ్చేరిలో రిజిస్టరు చేయించిన కార్లపై 2017లో కేరళలో కేసులు నమోదైన సంగతి గుర్తుంచుకొని, ఆర్.సి.లోని చిరునామా నిజమైనదో కాదో విచారించాలి.

అమ్మేవారికి కూడ ఒక హెచ్చరిక. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు, ప్రమాదం జరిగిన నాటికి రికార్డులో ఎవరి పేరుందో వారే యజమాని, పరిహార బాధ్యత వారిదే అని తీర్పు చెప్పింది. ఆ కేసులో కారు అప్పటికే పలు చేతులు మారింది. "కారు ఇచ్చివేశాను, నాకేమి" అనుకొనేవారి ఇంటికి ఏళ్ళ తరువాత నోటీసు రావచ్చు. 2023 ఏప్రిల్ 1 నుండి పాత కార్ల వ్యాపారులకు ఆర్.టి.ఓ. అధికార పత్రం ఉండాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. అటువంటి వ్యాపారికి కారును అప్పగించిన సంగతిని 29సి ఫారము ద్వారా నమోదు చేయించాలి.

బీమాను 14 దినాలలోగా పేరు మార్పించుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ యజమానిది, కారుతోపాటు రాదు.

ఒప్పంద పత్రం కన్నడంలోనో, తమిళంలోనో ఉంటే, ఆ భాష మాట్లాడగలిగినా చదవలేనివారు మనలో చాలామంది ఉన్నారు. చదివించుకొని, అర్థమైన తరువాతనే సంతకం చేయాలి.

6. మోసం జరిగితే

వ్యాపారి వద్ద కొన్నవారు వినియోగదారుల రక్షణ చట్టం, 2019 క్రింద ఫిర్యాదు చేయవచ్చు. సరిహద్దువాసులకు ఇందులో గొప్ప సౌలభ్యం ఉన్నది. కారు చెన్నైలో కొన్నా, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధిలోనిదే. కారణం ఏర్పడిన రెండేళ్ళలోగా వేయాలి. సలహాకు జాతీయ సహాయవాణి 1915. తన సొంత కారును అమ్ముకొన్న ప్రైవేటు వ్యక్తి మీద మాత్రం సాధారణంగా సివిల్ కోర్టే గతి. అందుచేత వ్యక్తుల వద్ద కొనేటప్పుడు తనిఖీ మరింత కఠినంగా ఉండాలి.

బయానా రశీదు, తనిఖీ నివేదిక, వారంటీ పూర్తి పత్రం, ఎన్.ఓ.సి., 29, 30, 35 ఫారముల నకళ్ళు, డబ్బు చెల్లించిన బ్యాంకు ఆధారం: ఈ ఆరింటినీ ఒకే సంచిలో భద్రపరచుకొన్న తరువాతనే తాళాలు అందుకోవాలి.