కొలువు మెట్లు, పాత ఫోటోలు, మా ఇంటి దసరా

పోయిన నెల రాణీ మంగమ్మ గురించి రాసినదానికి చాలామంది మంచి మాటలు పంపించారు. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది రైల్వే ఉద్యోగంలో చేరిన తర్వాతే. సూళ్ళూరుపేట, నాయుడుపేట స్టేషన్ బోర్డుల మీద ఇంగ్లీషు పేరు, తెలుగు పేరు పక్కపక్కన పెట్టి కూడబలుక్కుంటూ నేర్చుకున్న తెలుగు ఇది. తప్పులుంటే పెద్దలు దిద్దండి.

దసరా వస్తోంది కదా, ఈసారి కొలువు గురించి, ఫోటోల గురించి రాయాలని కూర్చున్నాం. రాస్తూ ఉంటే మా ఇంటి సంగతి కూడా వచ్చేసింది. దాన్ని తీసేయకుండా ఉంచేశాం.

ముందు చరిత్ర. కొలువు అంటే రాజు సభ తీరి కూర్చోవడం. తమిళంలో 'కొలు' అంటున్నదీ ఈ మాటే. విజయనగరంలో మహర్నవమి తొమ్మిది రోజులూ ఎంత వైభవంగా జరిగేదో కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిపెట్టాడు. హంపీలో మహానవమి దిబ్బ ఈనాటికీ ఉంది. 1565లో విజయనగరం దెబ్బతిన్నాక ఆ పండుగను 1610లో శ్రీరంగపట్నంలో రాజ ఒడయారు అందుకున్నాడు. అదే నేటి మైసూరు దసరా. ఇళ్ళల్లో మాత్రం రాజుకు బదులు బొమ్మలు కొలువు తీరాయి. ఆంధ్రలో చాలా ఇళ్ళల్లో బొమ్మల కొలువు సంక్రాంతికి పెడతారు. తమిళనాడులో స్థిరపడ్డ మనం నవరాత్రికే పెడతాం. మెట్లు మూడో, అయిదో, ఏడో, తొమ్మిదో, బేసిసంఖ్యే ఉండాలి. గుగ్గిళ్ళని మనం సుండల్ అంటాం. ఊరు మారితే పండుగ నెల మారింది, పలహారం పేరు మారింది, బొమ్మలు మాత్రం అవే.

ఇక ఫోటోల సంగతి. ఫోటో రాకముందు కూడా మనవాళ్ళకు కుటుంబమంతా ఒకచోట నిలబడి కనిపించాలనే ఆశ ఉండేది. తిరుమల కొండమీద ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలుచున్న కృష్ణదేవరాయల విగ్రహాలు చూసే ఉంటారు. మధురలో తిరుమల నాయకుడు (1623-1659) కట్టించిన పుదుమండపంలో స్తంభాలకు నాయక రాజుల విగ్రహాలు వరసగా ఉంటాయి. విశ్వనాథ నాయకుడి నుంచి తిరుమల నాయకుడి దాకా వంశమంతా రాతిలో నిలబడి ఉంది. మేము దాన్ని చూసినప్పుడల్లా ఇది నాయకుల గ్రూపు ఫోటో అనుకుంటాం.

అసలు ఫోటో 1839లో పారిస్‌లో లోకానికి తెలిసింది. మద్రాసుకు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. 1850లో అక్కడ చిత్రకళా పాఠశాల పెట్టిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ చొరవతో 1856లో మద్రాసు ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. కంపెనీ సైన్యంలో కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ అనే ఆయన ప్రభుత్వ ఫోటోగ్రాఫరుగా శ్రీరంగం, తిరుచ్చి, పుదుక్కోట, మధుర, తంజావూరు తిరిగి కాగితపు నెగటివ్‌ల మీద ఫోటోలు తీశాడు. 1858లో అవి పుస్తకాలుగా వచ్చాయి. మన తిరుచ్చి కొండ ఉంది అందులో. పుదుమండపం కూడా ఉంది. అంటే రాతి గ్రూపు ఫోటోకు మళ్ళీ ఫోటో!

తర్వాత ఊరూరా స్టూడియోలు వచ్చాయి. గుడ్డ మీద రంగులతో వేసిన స్తంభాలు, మెట్లు, తోట. పూలజడ వేసిన పిల్లను కుర్చీ పక్కన నిలబెట్టి, జడ కనిపించేలా వెనక నిలువుటద్దం పెట్టి తీసే ఫోటో మీలో చాలామంది ఇళ్ళల్లో ఉండే ఉంటుంది. ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయపడిన అవ్వలు కూడా మనవరాలి జడ ఫోటోకు మాత్రం తామే డబ్బులిచ్చి పంపేవాళ్ళు.

మా ఇంట్లోకి కెమెరా వచ్చింది 1971లో. మా నాయన పొన్మలై వర్క్‌షాపులో ఫిట్టరు. నాగపట్నం నుంచి 1928లో ఇక్కడికి మారిన ఆ వర్క్‌షాపే తిరుచ్చిలో సగం తెలుగు ఇళ్ళకు అన్నం పెట్టిందని మా వీధిలో పెద్దలు అనేవారు. తోటి పనివాడి దగ్గర నాయన ఒక పాత ఆగ్ఫా క్లిక్ త్రీ కొన్నారు. ఒక రోలుకు పన్నెండు ఫోటోలే. వెనక చిన్న ఎర్ర కిటికీలో అంకె చూసుకుంటూ తిప్పాలి. ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' ఫిల్ము దొరికితే అది, లేకపోతే లేదు. పన్నెండింటిలో రెండు దసరాకని విడిగా పెట్టేవారు. ఇంట్లో మేము ఫోటో 'పట్టడం' అంటాం. తమిళం వాసన అని ఆంధ్ర బంధువులు నవ్వుతారు. నవ్వనీండి.

ఆయుధపూజ రోజు వర్క్‌షాపులోకి కుటుంబాలను రానిచ్చేవారు. లేత్ మెషీన్లకు పసుపు, కుంకుమ, అరటిపిలకలు. ఇంట్లో నాయన స్పానర్లూ మా పుస్తకాలూ సరస్వతి ముందు పెట్టేవాళ్ళం. కెమెరా కూడా అక్కడే. పూజలో పెట్టిన వస్తువును ఆ రోజు ముట్టకూడదు. అందుకే మా ఆల్బంలో సరస్వతీ పూజనాటి ఫోటో ఒక్కటి కూడా లేదు. మర్నాడు విజయదశమి పొద్దున కెమెరా తీసి, కొలువు ముందు ఇంటిల్లిపాదీ నిలబడితే ఒక ఫోటో. అది ఆ ఏటి కొత్త లెక్కకు మొదటి పద్దు అనేవారు నాయన. నాయన తర్వాత ఆ పని మాకు వచ్చింది. దసరాకు ముందు మాకు వచ్చే బోనసులో ముందు ఫిల్ముకు తీసిపెట్టి, తర్వాతే బట్టలు.

1984లో మా ఇంటామె కాపురానికి వచ్చింది. వస్తూ పుట్టింటి మరప్పాచ్చి జంట తెచ్చుకుంది. ఎర్రచందనంతో చేసిన ఆడా మగా బొమ్మలు. పెళ్ళికూతురికి ఇచ్చి పంపడం ఇక్కడ ఆచారం. ఆ రోజు నుంచి కొలువు ఆమెది, కెమెరా మాది. ఏ బొమ్మ ఏ మెట్టు మీద అని మేము ఎన్నడూ అడగలేదు, ఆమె ఎన్నడూ చెప్పలేదు.

2021 వేసవిలో ఆమె వెళ్ళిపోయింది. వారం రోజుల్లో అంతా అయిపోయింది. మూడోనాడు దండ వేయడానికి ఫోటో కావాలన్నారు. ఇల్లంతా వెతికాం. ఆమె ఒక్కతే ఉన్న ఫోటో లేదు. ముప్పై ఏడేళ్ళు కెమెరా పట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డ మనిషికి ఆమె ఒక్కతే ఉన్న ఫోటో తీయాలని తోచలేదు. చివరికి ఒక కొలువు ఫోటోలోంచి ఆమె ముఖం కత్తిరించి పెద్దది చేయించాం. ఎంత జాగ్రత్తగా కత్తిరించినా భుజం పక్కన ఒక బొమ్మ చెయ్యి నిలిచిపోయింది. ఇప్పటికీ మా హాల్లో దండ కింద ఆ మట్టి చెయ్యి కనిపిస్తుంది.

ఆ ఏడు పండుగ లేదు, అది ఆచారం. 2022లో ఏడాది దాటింది. పెట్టవచ్చు. మాకు మనసు రాలేదు. ట్రంకు పెట్టెలు గుడికి ఇచ్చేద్దామన్నాం. కూతురు ఒప్పుకోలేదు.

"నాయనా, అమ్మ బొమ్మలు ఇచ్చేస్తే అమ్మ తిరిగి వస్తుందా?"

"పెడితే వస్తుందా?" అని మేము కొంచెం గట్టిగానే అన్నాం. రెండు రోజులు మాటల్లేవు.

మూడోనాడు ఆమె పిల్లలతో కలిసి పెట్టెలు దించింది. పాత తమిళ పేపర్లలో, చిరిగిన నూలు చీరముక్కల్లో చుట్టిన బొమ్మలు నూటికి పైగా ఉన్నాయి. అన్నీ నేల మీద పరిచారు. ఏది ఎక్కడ పెట్టాలో ఒక్కరికీ తెలియదు. అప్పుడు పెద్ద మనవరాలు ఆల్బంలు తెచ్చింది. "తాతా, ఇందులో చూసి పెడదాం" అంది.

రెండు పూటలు అదే పని. ఒక్కొక్క దసరా ఫోటో తీసి భూతద్దం పెట్టి చూశాం. 1987లో ఏడు మెట్లు, మోకాళ్ళ నొప్పి మొదలయ్యాక అయిదు. తెల్లగుడ్డ కింద ఒక మూల పార్సిలు పెట్టె అంచు కనిపించింది, మెట్లు వాటితోనే కట్టేదన్నమాట. చెట్టియారు, చెట్టియారమ్మ ఎప్పుడూ కింది మెట్టు, వాళ్ళ ముందు బియ్యం, పప్పు. ఆ ఏడు కొత్తగా కొన్న బొమ్మ ఎప్పుడూ మూడో మెట్టు ఎడమ చివర. మరుసటి ఏడు దాన్ని తన జట్టులోకి పంపేది. అది కనిపెట్టింది చిన్న మనవరాలు. అన్నేళ్ళు ఆ ఫోటోలు తీసిన మేము ఒక్కసారీ గమనించలేదు.

1993 ఫోటో లేదు. ఆ ఏడు మా అమ్మ పోయింది. 1994 ఫోటోలో మరప్పాచ్చి ఆడబొమ్మకు ఆకుపచ్చ మీద పసుపు గళ్ళ గుడ్డ కట్టి ఉంది. ఫోటో నలుపు తెలుపు కాదు, రంగులదే, పొరపాటుకు వీల్లేదు. అది మా అమ్మ కట్టుకునే సుంగుడి చీర. అత్తకూ కోడలికీ పెద్దగా పొసగేది కాదు. మా అమ్మ తప్పులెంచని రోజు ఉండేది కాదు. అయినా ఏడాది తిరగ్గానే ఆ చీరముక్క చించి బొమ్మకు కట్టి కొలువులో నిలబెట్టింది. మాతో ఒక్క మాట అనలేదు. ఆ ఫోటో తీసింది మేమే, చూసింది మాత్రం ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత.

కూతురు మా ముఖం చూసింది. ఏమీ అడగలేదు. లోపలికి వెళ్ళి అమ్మ నీలం నూలు చీర తెచ్చింది. మనవరాళ్ళు జానెడు ముక్క కత్తిరించి, అంచు కుట్టి, మరప్పాచ్చికి కట్టారు. చిన్నది కుచ్చిళ్ళు వెనక్కి పెట్టేసింది. "మీ అవ్వ చూస్తే తలమీద మొట్టేది" అన్నాం. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. అప్పుడే తెలిసింది, పదిహేను నెలలయింది మేము నవ్వి.

ఆ ఏడు సరస్వతీ పూజకు క్లిక్ త్రీ పూజలో పెట్టాం. దాని షట్టరు ఎప్పుడో ఆగిపోయింది, అయినా పెట్టాం. మనవరాళ్ళ సెల్‌ఫోన్లు కూడా పెట్టమన్నాం. రోజంతా ముట్టకూడదంటే వాళ్ళ ఏడుపు చూడాలి! విజయదశమి పొద్దున మొదటి ఫోటో పెద్ద మనవరాలు తీసింది. తీసేవాళ్ళు ఫోటోలో ఉండరు కదా, అందుకని తర్వాత చిన్నది ఫోను అందుకుంది, ఆ తర్వాత కూతురు. ఒక్కొక్కరికి విడిగా కూడా ఒక ఫోటో తీయించాం. అది ఇప్పుడు మా ఇంటి కొత్త ఆచారం.

రాత్రి హారతి అయ్యాక ఒక బొమ్మను పడుకోబెట్టాలి. ఎప్పుడూ ఆమె చేసే పని. కూతురు మా చేతికి ఇచ్చింది. నీలం చీర కట్టిన మరప్పాచ్చిని పడుకోబెట్టాం.

బంధువులకు ఒక్క మనవి. దసరాకు ఇంట్లో అందరూ చేరినప్పుడు పాత ఫోటోలు దించండి. వెనక మెత్తని పెన్సిలుతో ఏడు, ఊరు, మనుషుల పేర్లు రాయండి. పెన్ను వద్దు, సిరా ముందుకు దిగుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రాయండి. మన నాయక రాజుల పేర్లు మండపంలో విగ్రహాలు ఉండబట్టి నిలిచాయి. మన అవ్వల పేర్లు మనం రాస్తేనే ఉంటాయి. తర్వాత సెల్‌ఫోనుతో రెండువైపులా తీసి పిల్లలందరికీ పంపించండి. మీ ఇంటి కొలువులో కొత్త బొమ్మ ఎక్కడ పెడతారో కింద రాయండి, మా మనవరాలు లెక్క రాస్తోంది.

అందరికీ దసరా శుభాకాంక్షలు.