బస్తర్ కొయ్యబొమ్మ ఎందుకు పగులుతుంది? కలపలో తేమను కొలిచే విధానం

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ కొయ్య కళకు భౌగోళిక గుర్తింపు ఉంది. జగదల్‌పూర్, కొండగావ్ పరిసరాల్లో చెక్కే దేవతామూర్తులు, ఆదివాసీ జీవన దృశ్యాల పలకలు దేశమంతటా అమ్ముడవుతాయి. వర్షాకాలంలో కొన్న పలక మరుసటి వేసవిలో హైదరాబాద్ ఇంటి గోడపై బీటలు వారితే కొన్నవారు పనితనాన్నే తప్పుపడతారు. చాలా సందర్భాల్లో అసలు కారణం కలపలో మిగిలిపోయిన నీరు. ఉలి పెట్టక ముందే దాన్ని కొలవడం సాధ్యమే.

తేమ శాతం అంటే కలపలోని నీటి బరువును పూర్తిగా ఎండిన కలప బరువుతో భాగించి నూరుతో హెచ్చించగా వచ్చే సంఖ్య. 240 గ్రాముల ముక్క ఎండాక 200 గ్రాములు తూగితే తేమ 20 శాతం. తడి బరువుతో భాగిస్తే 16.7 మాత్రమే వస్తుంది. వంటచెరకు, ఇంధన లెక్కల్లో ఆ పద్ధతి కనిపిస్తుంది కాబట్టి అంకె దేని ఆధారంగా చెప్పారో అడగడం మంచిది. పచ్చి కలపలో తేమ నూరు శాతం దాటవచ్చు. చెక్క కంటే అందులోని నీరే ఎక్కువ బరువుందని దాని అర్థం.

అన్నిటికీ ప్రామాణికం ఓవెన్ పద్ధతి. పలక చివరలు త్వరగా ఆరతాయి కాబట్టి నమూనాను చివరి నుంచి కాక లోపలి భాగం నుంచి, ముడులు లేని చోట కోయాలి. కోసిన వెంటనే తూచి, సుమారు 103 డిగ్రీల సెల్సియస్ వద్ద బరువు ఇక తగ్గని స్థితి వచ్చేదాకా ఎండబెట్టాలి. ఫలితం కచ్చితమైనదే గానీ ఒక రోజు పట్టవచ్చు, ముక్క పాడవుతుంది.

అందుకే కార్ఖానాల్లో మీటర్లు వాడతారు. తేమ పెరిగితే కలప విద్యుత్ నిరోధం తగ్గుతుంది. పిన్నుల మీటరు దీనిపైనే పనిచేస్తుంది. సుమారు 7 నుంచి 28 శాతం వరకే దాన్ని నమ్మవచ్చు. కలప జాతిని, ఉష్ణోగ్రతను బట్టి సవరణ అవసరం. ఎండలో వేడెక్కిన చెక్కలో అంకె ఎక్కువ చూపుతుంది. పిన్నులు పైపొరలోనే ఆగితే, ఆరిన పైభాగాన్ని చదివి లోపలి తడిని దాచేస్తుంది. మందంలో నాలుగో వంతుకు తగ్గకుండా దిగాలి. పిన్నులు లేని మీటరుకు చదునైన తలం, కలప సాంద్రత వివరం కావాలి. చెక్కిన బొమ్మకు ఈ రెండు మీటర్లూ అంతగా కుదరవు. ఒకటి గుచ్చుతుంది, మరొకటి ఆనదు. కొలవవలసింది పలకగా ఉన్నప్పుడే.

ఎంత వరకు ఆరాలన్నది వస్తువు వెళ్లే చోటును బట్టి ఉంటుంది. సుమారు 28-30 శాతం దాకా కణాల బోలులోని నీరే పోతుంది, కొలతలు మారవు. అంతకంటే తగ్గితే కణాల గోడలు ఆరి కలప కుంచించుకుంటుంది. గాలిలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం ఉంటే కలప సుమారు 16 శాతం వద్ద నిలుస్తుంది. 40 శాతమైతే 7-8 వద్ద. బస్తర్ వానల్లో నిలకడకు వచ్చిన పలక విశాఖ తీరంలో పెద్దగా మారకపోవచ్చు. హైదరాబాద్ వేసవిలో మాత్రం 30 సెంటీమీటర్ల వెడల్పు టేకు పలక కొన్ని మిల్లీమీటర్లు తగ్గవచ్చు. ఈ తేడాల దృష్ట్యానే భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని ఆర్ద్రత ఆధారంగా నాలుగు మండలాలుగా విభజించి, వస్తువును బట్టి తేమ పరిమితులను సూచిస్తుంది.

75 రోజుల బస్తర్ దసరాలో లాగే రథానికి ఈ చింత లేదు. దాన్ని ప్రధానంగా సాల, అంటే గుగ్గిలం కలపతో వానాకాలంలోనే కడతారు. సాల దుంగ ఆరడం చాలా నెమ్మది, తొందరపెడితే పగులుతుంది. కానీ రథం పండుగ రోజుల్లో బరువు మోస్తే చాలు, ఏళ్ల తరబడి ఎవరి గోడపైనా నిలవనక్కర్లేదు.

మీటరు లేనివారికి త్రాసు ఉంది. పలకపై తేదీ, బరువు రాసి వారానికోసారి తూచాలి. బరువు నిలిచిపోతే అది స్థానిక గాలితో సమానమైందని అర్థం. ఈ తూకం వానాకాలంలో కాక, ఫిబ్రవరి నుంచి మే వరకు నిలకడకు వస్తే ఆ పలక దూరపు పొడి నగరాలకు పంపదగినది.