రోగి అనుభవానికి కొలమానం: హైదరాబాద్‌లో జరిగిన కృషి

కంటి ఆసుపత్రి గోడకు తగిలించి ఉండే అక్షరాల చార్టును మీరు చూసే ఉంటారు. డచ్ వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ 1862లో దాన్ని రూపొందించాడు. ఎన్నో వరుస దాకా చదవగలరో అది చెబుతుంది. చదవలేని వ్యక్తికి రోజు ఎలా గడుస్తుందో చెప్పదు. ఈ రెండో ప్రశ్న వైద్యశాస్త్రంలోకి చాలా ఆలస్యంగా వచ్చింది.

శారీరక, మానసిక, సామాజిక క్షేమమే ఆరోగ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ రాజ్యాంగం 1948లో ప్రకటించింది. దాదాపు అదే కాలంలో అమెరికాలో కార్నోఫ్‌స్కీ అనే వైద్యుడు కేన్సర్ రోగుల శక్తిసామర్థ్యాలకు 0 నుంచి 100 వరకు మార్కులు వేసే పద్ధతిని తెచ్చాడు. అయితే ఆ మార్కులు వేసేది వైద్యుడే. రోగినే అడిగి తెలుసుకునే ‘ఆరోగ్య సంబంధిత జీవన నాణ్యత’ అనే భావన ఆ తర్వాత బలపడింది. 1991లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుపెట్టిన జీవన నాణ్యత ప్రశ్నావళి రూపకల్పనలో ఢిల్లీ, చెన్నై కేంద్రాలు కూడా పాల్గొన్నాయి.

హైదరాబాద్‌లో ఈ పని కంటి వైద్యం ద్వారా సాగింది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1996–2000 మధ్య ‘ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధి అధ్యయనం’ జరిపింది. హైదరాబాద్‌లోను, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, పశ్చిమ గోదావరి జిల్లాల పల్లెల్లోను 10,293 మందిని పరీక్షించారు. 40 ఏళ్లు, ఆపై వయసున్న వారిని జీవన నాణ్యత గురించి కూడా అడిగారు. చూపు తగ్గినవారిలో అది తక్కువగా ఉందని తేలింది. ఇందులో వింత లేదు కానీ, అంధత్వ నివారణకు నిధులు అడగాలంటే అందరికీ తెలిసిన సంగతికి కూడా లెక్క చూపాలి.

ఆ సర్వే సాగుతుండగానే, 1998లో, మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. నగరం పడమటి వైపు కంప్యూటర్ కొలువులు పెరగసాగాయి. బోర్డు మీది పాఠం రాసుకోలేని పిల్లవాడికి ఆ కొలువుల దారి బడిలోనే మూసుకుపోయే ప్రమాదం ఉంది. ఆ పిల్లవాడి ఇబ్బందిని కొలిచేదెలా?

అదే సంస్థకు చెందిన పరిశోధకురాలు విజయ గోత్వాల్, సహ పరిశోధకులు ఇందుకోసం తయారుచేసిన ప్రశ్నావళి 2003లో ప్రచురితమైంది. 8–18 ఏళ్ల వయసున్న, దృష్టి లోపం గల 78 మంది పిల్లలను నోటితో ప్రశ్నలడిగి జవాబులు రాసుకున్నారు. ప్రశ్నలను గమనించండి: బస్సు నంబరు చదవగలవా? రూపాయి, రెండు రూపాయల నాణేలకు తేడా తెలుస్తుందా? కంచంలో అన్నం, కూరలు ఎక్కడున్నాయో కనిపిస్తాయా? సూదిలో దారం ఎక్కించగలవా? పాశ్చాత్య దేశాల్లో పెద్దల కోసం తయారైన ప్రశ్నావళి కారు నడపడం గురించి అడుగుతుంది. దాన్ని తెలుగులోకి మార్చి ఇస్తే ఈ పిల్లలకు పనికొచ్చేది కాదు.

జవాబులకు మార్కులు వేసి కూడితే సరిపోదా? సరిపోదు. కంచంలో అన్నం కనిపించకపోవడం, సూదిలో దారం ఎక్కించలేకపోవడం సమానమైన ఇబ్బందులు కావు. అందుకే డెన్మార్క్ గణితజ్ఞుడు జార్జ్ రాష్ 1960లో వివరించిన పద్ధతిని వాడారు. ఇందులో ప్రశ్న ఎంత కఠినమైనదో, పిల్లవాడి సామర్థ్యం ఎంతో రెండింటినీ ఒకే కొలబద్ద మీద గుర్తిస్తారు.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఇది కొలిచేది చూపుతో చేసే పనుల సామర్థ్యాన్ని. జీవన నాణ్యతలో ఇది ఒక భాగమే. పిల్లవాడి దిగులు, స్నేహాలు ఇందులోకి రావు. ప్రశ్నావళి రెండో రూపం 2012లో వచ్చింది.

మొదటి రూపంలో 19 ప్రశ్నల తర్వాత మరొకటి ఉంది: చూపు బాగున్న నీ స్నేహితుడితో పోలిస్తే నీ చూపు ఎలా ఉంది? పుట్టుకతోనే చూపు తక్కువైన పిల్లవాడు ఆ స్నేహితుడికి ఏం కనిపిస్తుందో ఊహించుకునే దీనికి జవాబు చెప్పాలి.