రొట్టెను ఎవరూ అనుమానించలేదు

అనకాపల్లి వైపు వచ్చిన చుట్టం మాడుగుల హల్వా కొనకుండా వెనక్కి వెళ్ళడు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, ఆ పాలను పులియనిచ్చి, పైన తేరిన నీళ్ళు వంచేసి, నెయ్యీ పంచదారా పోసి పొయ్యి దగ్గర గంటల తరబడి కలియబెడితే వచ్చే సరుకు అది. పాలు పిండుకున్నాక చేతికి మిగిలే పొట్టునూ జిగురునూ ఎవరూ పట్టించుకోరు. ఇటలీలోని బొలోన్యాలో బెక్కారి అనే పండితుడు మాత్రం పట్టించుకున్నాడు. గోధుమపిండి ముద్దను నీళ్ళలో కడుగుతూ పోతే గంజి ఒకపక్కకీ, సాగే జిగురు ఒకపక్కకీ వేరుపడతాయని ఆయన రాసిన వ్యాసం 1745లో అచ్చయింది. ఆ జిగురే గ్లూటెన్. రొట్టె పొంగినా, పరోటా చిరగకుండా సాగినా దాని చలవే.

అది కొందరి పేగుకు పడదని తేలడానికి ఇంకో రెండు వందల ఏళ్ళు పట్టింది.

రోగం అప్పటికే ఉంది. 1887లో లండన్ గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో శామ్యూల్ గీ అనే డాక్టరు దాని మీద ఉపన్యాసం ఇచ్చాడు. పొట్ట ఉబ్బి, ఒళ్ళు చిక్కి, తిన్నది ఒంటబట్టని పిల్లల జబ్బు. ఇది నయమవడమంటూ ఉంటే తిండి వల్లే నయమవ్వాలన్నాడు. అక్కడిదాకా మాట సరైనదే. ఏది మానాలో చెప్పేటప్పుడు మాత్రం అన్నం, సగ్గుబియ్యం వద్దన్నాడు. రొట్టెను పల్చగా కోసి రెండు వైపులా బాగా కాల్చి పెట్టమన్నాడు! ఒక పిల్లవాడికి రోజూ డచ్చి ఆల్చిప్పల మాంసం పెడితే చక్కగా తేరుకున్నాడనీ, ఆల్చిప్పల కాలం అయిపోగానే మళ్ళీ మంచాన పడ్డాడనీ, మరుసటి ఏడు ఎంత బతిమాలినా వాటిని నోట పెట్టలేదనీ కూడా ఆయనే రాశాడు. రుజువు కళ్ళ ముందే ఉంది. కానీ రొట్టె లేని ఇల్లు లేని దేశంలో, ఇంటి దేవుణ్ణి దొంగ అని ఎవరంటారు?

1924లో న్యూయార్క్‌లో సిడ్నీ హాస్ అనే డాక్టరు ఇలాంటి పిల్లలకు అరటిపళ్ళు పెట్టి బతికించాడు. అరటిపండులో ఏదో మహత్తు ఉందని లోకం పాతికేళ్ళు నమ్మింది. మహత్తు పండుది కాదు. పండు తిన్నన్నాళ్ళూ బ్రెడ్డు మాన్పించడమే అసలు వైద్యం.

ముడి విప్పినవాడు విల్లెం కారెల్ డికె. హాలండులో, హేగ్ నగరంలోని యులియానా పిల్లల ఆసుపత్రికి 1936లో, ముప్ఫై ఒకటో ఏట అధిపతి అయ్యాడు. గోధుమ మీద ఆయనకు అనుమానం మొదలైంది ఆ రోజుల్లోనే. ఆ తర్వాత 1944–45 చలికాలంలో జర్మన్ సైన్యం దారులు మూసేసి హాలండు పడమటి ఊళ్ళను మాడ్చింది. జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు, వేలమంది చచ్చిపోయారు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కాస్త కోలుకున్నారనీ, విమానాల నుంచి రొట్టెలు పడగానే మళ్ళీ పడిపోయారనీ ఎక్కడ చదివినా కథ వస్తుంది. చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ డికెకు ఆలోచన ఆకాశం నుంచి ఊడిపడలేదు. 1941లోనే ఆయన పథ్యం గురించి డచ్చి పత్రికలో వ్యాసం రాశాడు. యుద్ధం తర్వాత, ఒక్కో పిల్లకీ పిల్లవాడికీ ఒక్కో ధాన్యం పెట్టి చూసి, తీసేసి చూసి, ఏళ్ళ తరబడి లెక్కలు రాసుకుని, 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. మలంలో కొవ్వు ఎంత పోతోందో కొలిచే పద్ధతి రసాయనవేత్త వాన్ డె కామర్ కనిపెట్టాడు. ఆ కొలత లేకపోతే ఇదంతా అభిప్రాయంగానే మిగిలేది. 1952లో బర్మింగ్‌హామ్ బృందం బెక్కారి పద్ధతిలోనే గోధుమను రెండుగా విడదీసి రోగులకు పెట్టి చూసింది. గంజి వల్ల హాని కనబడలేదు. జిగురుతో జబ్బు తిరగబెట్టింది.

మరి హల్వా గంజితోనే కదా చేసేది అని మా ఇంట్లోనూ అడిగారు. ఇంట్లో పిండే పాలలో జిగురు పూర్తిగా పోదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకు ఆ మిగిలిందే చాలు: చిన్నపేగు లోపలి సన్నని నూగు చదునైపోతుంది, ఇనుమూ కాల్షియమూ ఒంటికి అందవు.

మన దగ్గర ఇది ఆలస్యంగా బయటపడటానికి వేరే కారణం ఉంది. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో దేశంలో మూడు ప్రాంతాల్లో ఇరవై మూడు వేలమందికి పైగా పెద్దవాళ్ళను పరీక్షించారు. జబ్బు ఉత్తరాదిన వెయ్యికి 8.53 మందిలో, దక్షిణాదిన వెయ్యికి 0.11 మందిలో కనబడింది. గోధుమ తిండి అక్కడ రోజుకు సగటున 455 గ్రాములు, ఇక్కడ 25. ఇంత అరుదైనదాన్ని ఎవరు ముందుగా తలుస్తారు? పైగా గోధుమ మనకు మందులాంటి తిండి. జ్వరం వస్తే బ్రెడ్డు, షుగరు వస్తే రాత్రి చపాతీ. మా మేనకోడలికి రక్తం తక్కువని కొన్నేళ్ళపాటు ఐరన్ మాత్రలు రాసి, బలానికి గోధుమ జావ తాగమన్నారు. గీ చెప్పిన కాల్చిన రొట్టెకు ఇది తెలుగు రూపం.

చివరికి జబ్బు ఇదేనని తేలింది. ఇప్పుడా పిల్ల అచ్యుతాపురంలో ఉద్యోగం చేస్తోంది. క్యారేజీలో అన్నమే, అందులో కష్టం లేదు. ఇడ్లీ, అట్టు, చల్ల పులుసు, చేపల కూర, ఏవీ మానక్కర్లేదు. చిక్కంతా కంటికి కనబడని చోట ఉంది. డబ్బా ఇంగువలో గోధుమపిండి కలుపుతారు. సోయా సాస్‌లో గోధుమ ఉంటుంది. పూరీలు వేగిన నూనెలోనే గారెలు వేస్తారు. పిండిమరలో మన ముందువాళ్ళు గోధుమలు ఆడించుకుంటే ఆ పిండి మన బియ్యప్పిండిలోకీ వస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం గ్లూటెన్ లేనిది అనిపించుకోవాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. మన ఆహార భద్రతా సంస్థదీ అదే హద్దు. మర రాళ్ళకు అంటిన పిండికి ఆ హద్దు తెలియదు కనుక బియ్యప్పిండి ఇంట్లోనే మిక్సీ పట్టుకుంటున్నారు.

పండగలకు పెద్దగా మార్చింది లేదు. కొత్త అమావాస్యకు నూకాంబిక జాతర, మర్నాడు ఉగాది, ఇంటినిండా చుట్టాలు. బొబ్బట్ల బదులు పూర్ణాలు వండితే సరిపోయింది, పై తోపు మినపపప్పూ బియ్యమే కనుక. సంక్రాంతి అరిసెలకు అసలు చిక్కే లేదు. గట్టి చిక్కు సత్యనారాయణ వ్రతం దగ్గర వచ్చింది. ప్రసాదం గోధుమ నూకతో. వద్దంటే అపచారం, తింటే వారం రోజులు పొట్టనొప్పి. "కళ్ళకద్దుకుని తమ్ముడికిచ్చేస్తాను మామ్మా" అంది పిల్ల. మామ్మ ఊరుకోలేదు, పంతులుగారినే అడిగింది. ఆయన నవ్వి, వ్రతకథలోనే ఉంది కదమ్మా, గోధుమ దొరక్కపోతే బియ్యప్పిండి, పంచదార లేకపోతే బెల్లం అని, అన్నారు. అరటిపండు ఎలాగూ ఆ ప్రసాదంలో ఉండేదే. హాస్ డాక్టరుగారి పథ్యానికి దగ్గరగా మన పురాణమే ఒక పాఠాన్ని ఉంచిందని నాకు నవ్వొచ్చింది.

కేకు మాత్రం మన పెద్దవాళ్ళు నేర్పని విద్య. గ్లూటెన్ అల్లే వల లేకపోతే పిండిలో పుట్టిన గాలి నిలవదు, కేకు కుంగుతుంది, కోస్తే పొడిపొడిగా రాలుతుంది. ఆ వలకు బదులు దొరికింది అమెరికాలో. పియోరియాలోని వ్యవసాయశాఖ ప్రయోగశాలలో ఆలీన్ జీన్స్ అనే రసాయన శాస్త్రజ్ఞురాలు బ్యాక్టీరియా చేసే జిగుర్ల మీద పనిచేసింది. ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా నుంచి డెక్స్‌ట్రాన్ తీసి, యుద్ధంలో గాయపడ్డవాళ్ళకు రక్తద్రవానికి బదులు ఎక్కించే వీలు కల్పించింది. ఆ తర్వాత ఆమె బృందం క్యాబేజీని కుళ్ళబెట్టే ఇంకో బ్యాక్టీరియా నుంచి జాంథన్ గమ్ తీసింది. 1969లో దాన్ని తిండిలో వాడుకోవచ్చని అమెరికా ప్రభుత్వం ఒప్పుకుంది. ఈనాడు బజారులో దొరికే గ్లూటెన్ లేని బ్రెడ్డు చాలామటుకు అలాంటి జిగుర్ల మీదే నిలబడుతోంది.

ఆ ల్యూకోనోస్టాక్ అనకాపల్లికి పరాయిది కాదు. ఇడ్లీపిండిని పొంగించేది అదే. నరికిన చెరకు ఆడకుండా నిలవ పెడితే రసం జిగటెక్కేదీ దానివల్లే. 1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉన్న ఊళ్ళో, బెల్లం వండే రైతుకు అది శత్రువు. మా వంటింట్లో మిత్రుడు.

మా మేనకోడలు జాంథన్ కొనదు, ఇసబ్‌గోల్ పొట్టు వాడుతుంది. గుజరాత్ నుంచి వచ్చే ఆ పొట్టు మలబద్ధకానికని ప్రతి మందుల షాపులోనూ ఉంటుంది, నీళ్ళు తగిలితే జిగురవుతుంది. రెండు కప్పుల బియ్యప్పిండికి చెంచాడు పొట్టు, మగ్గిన అరటిపళ్ళు, మన బెల్లం పాకం, గుడ్లు. పిండిలో కొంత భాగాన్ని చేగోడీలకు చేసినట్టు మరిగే నీళ్ళలో ఉక్కిరి పట్టి కలుపుతుంది, దాంతో ముక్క విరగదు. మొన్న తమ్ముడి పుట్టినరోజుకు చేసిన కేకు మైదా కేకంత మెత్తగా లేదు, రుచికి దానికన్నా మెరుగు. నా మాట మీద నమ్మకం లేకపోతే వండి చూడండి.

ఒక్క మనవి. ఇంట్లో ఎవరికైనా మాత్రలు వాడినా రక్తం పెరగకపోయినా, ఏళ్ళ తరబడి పొట్ట ఉబ్బరం, విరేచనాలు వదలకపోయినా టీటీజీ రక్తపరీక్ష గురించి డాక్టరును అడగండి. బెర్లిన్ పరిశోధకులు 1997లో చూపిన దారిన వచ్చిన పరీక్ష అది. దానికి ముందు మాత్రం మీ అంతట మీరు గోధుమ మానకండి. మానేశాక చేయిస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు.