సున్న చతురస్రంలో పట్టాలంటే

ఆమధ్య మా కడపలో ఓ ఫంక్షన్‌కి లేజర్ షో పెట్టారు. గోడ మీద పచ్చటి వెలుగుతో "కడప" అని పడింది. వంపులు బాగానే ఉన్నాయి గానీ, తలకట్లు కొక్కేల్లా మెలికపడి వణుకుతున్నాయి. అడిగితే ఆపరేటర్ కుర్రాడు, "గెయిన్ ఫుల్లుగా పెట్టినా గదన్నా, ఇంగేం జేయమంటావ్?" అన్నాడు. పెట్టకూడనిదే అది!

లేజర్ బొమ్మని గీసేవి రెండు బుల్లి అద్దాలు. ఒకటి వెలుగుని అడ్డంగా తిప్పుతుంది, ఇంకోటి నిలువుగా. వీటి తాత 1858 నాటి విలియం థామ్సన్ (తర్వాత లార్డ్ కెల్విన్ అయిన ఆయనే) గాల్వనోమీటర్. పట్టుదారానికి వేలాడే చిన్న అద్దం, వెనక అయస్కాంతం ముక్కలు. సముద్రం అడుగు కేబుల్లోంచి కాస్తంత కరెంటు వచ్చినా అద్దం తిరిగి, స్కేలు మీద వెలుగుచుక్క జరిగేది. వైట్‌హౌస్ గారికి (ఈయన వృత్తిరీత్యా వైద్యుడు!) ఇంత సున్నితం నచ్చలేదు. అసలే నాసిగా ఉన్న అట్లాంటిక్ కేబుల్‌కి ఆ ఏడాదే దాదాపు 2000 ఓల్టులు పట్టించాడు. నెల తిరక్కుండానే కేబుల్ చచ్చింది. మా కుర్రాడికి ఈయన పూర్వీకుడన్నమాట :)

1973లో లాస్ ఏంజిలిస్‌లో ఐవన్ డ్రయర్ 'లేజీరియం' మొదలెట్టాక ఈ అద్దాలు వినోదంలోకొచ్చాయి. 1986లో పుట్టిన లేజర్ షోల వాళ్ళ సంఘం ఇల్డా, ట్యూనింగ్‌కి ఒక పరీక్షబొమ్మ పెట్టింది: చతురస్రం, దాంట్లో సున్న. తమాషా ఏమిటంటే, ఫైల్లో ఆ సున్న చతురస్రం కంటే పెద్దది! సెకనుకి 30 వేల చుక్కల వేగంలో అద్దాలు అంతదూరం వెళ్ళలేక కాస్త ముందే తిరిగొస్తాయి. ట్యూనింగ్ కుదిరితేనే సున్న సరిగ్గా నాలుగు గీతల్ని తాకుతూ లోపల ఇముడుతుంది. హార్డ్‌వేర్ బద్ధకాన్ని ముందే లెక్కేసుకుని రాసిన టెస్ట్ కేసు. మనం ఎప్పుడైనా రాశామా ఇలాంటిది?

డ్యాంపింగ్ తక్కువైతే అద్దం ఆగాల్సిన చోటు దాటిపోయి వెనక్కొస్తుంది, మూలలు మెలికపడతాయి. ఎక్కువైతే మూలలు అరిగిపోతాయి. గెయిన్ మరీ పెంచితే అద్దాలు ఈలేస్తాయి, ఆపై మోటార్లు కాలిపోతాయి. తెలుగు వంపులు వీటికి సుఖం, తలకట్టు దగ్గరి మొన తిప్పలే కష్టం.

ఇద్దరం బోర్డు ముందు కూర్చున్నాం. స్క్రూడ్రైవర్ తిప్పుతూ, "కర్నూల్లో డ్రోన్‌ని కూల్చిందీ ఇట్లాంటిదేనా అన్నా?" అన్నాడు. 2025 ఏప్రిల్ 13న డీఆర్‌డీవో చేసిన పరీక్ష సంగతి. అది 30 కిలోవాట్లది, మన దానికీ దానికీ పోలికే లేదు, కానీ చుక్క అనుకున్నచోట నిలవకపోతే రెండూ దండగేనని చెప్పాను. గెయిన్ దించి, డ్యాంపింగ్ పిసరంత పెంచి, వేగం 20 వేలకి తగ్గించాడు.

తలకట్లు నిలబడ్డాయి. ఈసారి "కర్నూలు" రాయించాడు, నకారం ఇంకా కాస్త వణికింది.