ఉంగరముల నుండి పలక వరకు: కంప్యూటరు జ్ఞాపకపు కథ

మాదాపూరులోని సైబర్ టవర్సును 1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించినారు. దాని చుట్టును పెరిగిన హైటెక్ సిటీలో నేడు ల్యాప్‌టాప్ లేని బల్ల అరుదు. అట్టి యంత్రము పాతబడి, చేతులు మారి ఒక విద్యార్థికి చేరినప్పుడు మొదటి ఫిర్యాదు ఒకటే: నిదానముగా నడుచుచున్నది. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులోని దుకాణదారు దానిని పారవేయుమనడు. ర్యామ్ పెంచి, డిస్కు మార్చుమనును. లెక్కలు చేయు భాగమును ముట్టకుండ జ్ఞాపకమును మాత్రమే పెంచుట ఎట్లు సాధ్యమైనది?

ర్యామ్ విద్యార్థి బల్ల వంటిది. డిస్కు బీరువా వంటిది. బల్ల ఇరుకైనచో పుస్తకముల కొరకు మాటిమాటికి బీరువా కడకు పోవలెను. ర్యామ్ చాలని యంత్రము చేయునదియు ఇదియే.

మన నగరములో ఈ చరిత్ర హైటెక్ సిటీకి ముప్పది యేండ్లు ముందే మొదలైనది. ఇ.సి.ఐ.ఎల్. 1967లో హైదరాబాదున ఏర్పడినది. బాబా అణు పరిశోధన కేంద్రపు కృషి నుండి వచ్చిన టి.డి.సి.-12 అను కంప్యూటరును 1969లో అందించినది. దాని పదమునకు 12 బిట్లు. ఆ కాలమున ఒక్కొక్క బిట్టును ఆవగింజంత ఫెరైట్ ఉంగరములో, అయస్కాంతత్వపు దిశగా నిలిపెడివారు. అట్టి పదములు 4096 నిలుపవలెనన్న 49,152 ఉంగరములు కావలెను! వాని గుండ పూసలు గ్రుచ్చినట్లు సన్నని తీగలు గ్రుచ్చవలెను. ఆ ఉంగరములకు ఒక సుగుణము కలదు: విద్యుత్తు పోయినను మరువవు.

నేటి ర్యామ్ మరచును. ఐ.బి.ఎం.లో రాబర్ట్ డెన్నార్డ్ 1968లో పేటెంటు పొందిన పద్ధతిలో ఒక బిట్టుకు ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరు చాలును. కాని కెపాసిటరులోని ఆవేశము చిల్లికుండలోని నీటివలె కారిపోవును. కనుక సెకండుకు పలుమార్లు తిరిగి నింపుచుండవలెను. 1970లో వచ్చిన ఇంటెల్ 1103 చిప్పులో 1024 బిట్లుండెను. నేడు వ్రేలెడు పొడవైన 8 గిగాబైట్ల పలకలో సుమారు 6,870 కోట్ల బిట్లున్నవి. ఈ పలక గాడిలో ఇమిడి ఊడివచ్చునది కనుకనే దానిని మార్చగలుగుచున్నాము. అయితే డి.డి.ఆర్.3, డి.డి.ఆర్.4 పలకల గంట్లు వేర్వేరు చోట్ల నుండును. ఒకదాని గాడిలో మరియొకటి పట్టదు.

డిస్కు కథ 1956లో ఐ.బి.ఎం. రామాక్‌తో మొదలైనది. 24 అంగుళముల పళ్ళెములు 50 కలసి 50 లక్షల అక్షరములు మాత్రమే దాచెడివి. ల్యాప్‌టాపులో పళ్ళెము రెండున్నర అంగుళములకు తగ్గినను, తిరుగుట మానలేదు. నిమిషమునకు 5400 సార్లు తిరుగు పళ్ళెముపై కావలసిన చోటు సూది క్రిందికి వచ్చుటకు సగటున అయిదున్నర మిల్లీసెకండ్లు పట్టును. తోషిబాలో ఫుజియో మసువోకా 1984లో లోకమునకు తెలిపిన ఫ్లాష్ జ్ఞాపకమునకు పళ్ళెమును లేదు, సూదియు లేదు. అదే కొలతలో, అదే కనెక్టరుతో ఫ్లాష్ డిస్కులు వచ్చినందున పాత ల్యాప్‌టాపులకు క్రొత్త ప్రాణము వచ్చినది. నా దృష్టిలో పాత యంత్రమునకు దీనిని మించిన చికిత్స లేదు.

మైక్రాన్ సంస్థ 2019లో హైదరాబాదున కేంద్రము తెరచుటతో జ్ఞాపకపు చిప్పులపై పరిశోధన ఈ ఐ.టి. ప్రాంతమునకే వచ్చినది. ఇంతలో లోకరీతి మారినది. 2008 నాటి మ్యాక్‌బుక్ ఎయిర్ ర్యామ్‌ను గాడిలో గాక బోర్డుకే టంకము వేసినారు. తరువాత అనేకులు ఆ త్రోవనే పట్టినారు. తీగలు పొట్టియై, విద్యుత్తు ఆదాయై, యంత్రము పలుచనగును, నిజమే. కాని కొన్ననాటి జ్ఞాపకమే కడవరకు. సెకండ్ హ్యాండు యంత్రముపై ఆధారపడు విద్యార్థికి ఈ నష్టము చిన్నది కాదు. 2023 డిసెంబరులో జెడెక్ సంఘము కామ్2 అను ప్రమాణమును ప్రకటించినది. ఇందులో పలుచని ర్యామ్ పలకను టంకముతో గాక మరలతో బిగించెదరు. స్క్రూడ్రైవరు ఉన్న చాలును.