ఒకే తుపాకీ: అక్కడ పొడుగైంది, ఇక్కడ పొట్టిదైంది

స్క్రీన్ మీద ఫోటో చూడండి. వంపు తిరిగిన పిడి, సన్నటి బ్యారెల్. పాత యుద్ధం సినిమాల్లో జర్మన్ ఆఫీసర్ నడుముకి వేలాడుతూ ఉంటుందే, అదే ఇది. పేరు లూగర్. పక్కన ఉన్నది మౌజర్ సి96. దాని పిడి చీపురు కర్రలా గుండ్రంగా ఉంటుంది కాబట్టి బ్రూమ్‌హ్యాండిల్ అనే ముద్దుపేరు కూడా ఉంది.

1920ల్లో జర్మనీలో మౌజర్ బ్యారెల్ మరీ పొడుగైందని కోసి పొట్టి చేశారు. 1995లో కెనడా పాస్ చేసిన చట్టం ప్రకారం, అలా కోసిన మౌజర్ మరీ పొట్టిది, కాబట్టి నిషేధం. తుపాకీలో ఏ మార్పూ లేదు. చట్టం మాత్రం మారింది. ఇవాళ ఆ కథే మాట్లాడుకుందాం. ముందే చెప్తున్నా, తుపాకీని ఎలా మార్చాలో నేర్పే వీడియో కాదిది. చట్టంలో ఒక నంబర్ రాస్తే లోకం దాని చుట్టూ ఎలా వంగుతుందో చూసే వీడియో.

మొదట జర్మనీ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడింది. 1919లో వెర్సాయ్ ఒప్పందం మీద సంతకం పెట్టించారు. సైన్యం లక్ష మంది దాటకూడదు, ఆయుధాల తయారీ మీద ఆంక్షలు. ఆ తర్వాత వచ్చిన నిబంధనల్లో పిస్టల్స్‌కి కూడా కొలతలు పెట్టారు: మామూలు జనానికి అమ్మే వాటి బ్యారెల్ 100 మిల్లీమీటర్లు దాటకూడదు, క్యాలిబర్ 9 మి.మీ. ఉండకూడదు. క్యాలిబర్ అంటే సింపుల్‌గా బ్యారెల్ లోపలి రంధ్రం సైజు. 9 మి.మీ. ఎందుకు వద్దన్నారంటే అది జర్మన్ సైన్యం వాడిన సైజు.

మౌజర్ బ్యారెల్ అసలు పొడవు 140 మి.మీ. యుద్ధంలో వాడిన పాత వాటిని తీసుకుని కోశారు. ఎంతకి? 99 మి.మీ.కి! బీటెక్‌లో పాస్ మార్కుల కోసమే చదివిన బ్యాచ్ గుర్తొచ్చింది నాకు, అందులో నేనూ ఉన్నాననుకోండి. దూరం చూసి సర్దుకునే సైట్‌ని కూడా తీసేసి, కదలని మామూలు సైట్ పెట్టారు. లూగర్ తయారుచేసే కంపెనీ అయితే 7.65 మి.మీ. క్యాలిబర్‌లో 98 మి.మీ. బ్యారెల్‌తో మార్కెట్ కోసం కొత్తవి చేసింది.

సరే, రూల్ పాటించారు. మరి రూల్ పెట్టినవాళ్ల భయం తీరిందా? వాళ్ల భయం జర్మనీ మళ్లీ సైన్యంగా లేస్తుందని. బ్యారెల్ 41 మి.మీ. తగ్గితే దూరంలో గురి కొంచెం దెబ్బతింటుంది, నిజమే. కానీ అదే తుపాకీ ఇప్పుడు కోటు జేబులో పడుతుంది. పైగా ఆ పొట్టి మౌజర్‌ని సోవియట్ వాళ్లు పెద్ద ఎత్తున కొన్నారు. బోల్షెవిక్ మాటలోంచి దానికి "బోలో" అనే పేరే స్థిరపడిపోయింది. పదిహేనేళ్లు తిరిగేసరికి హిట్లర్ ఆ ఒప్పందాన్ని బాహాటంగానే పక్కన పెట్టాడు.

ఇక బ్రిటన్. ఇది చెప్పడం కొంచెం కష్టం.

1996 మార్చి 13. స్కాట్లాండ్‌లో డన్‌బ్లేన్ అనే చిన్న ఊరు, ప్రైమరీ స్కూల్. జిమ్‌లో 5, 6 ఏళ్ల పిల్లలు. ఒకడు లోపలికొచ్చి 16 మంది పిల్లల్ని, వాళ్ల టీచర్‌ని కాల్చి చంపాడు. టెన్నిస్ ప్లేయర్ ఆండీ ముర్రే అప్పుడు 8 ఏళ్ల పిల్లాడు, అదే స్కూల్లో ఉన్నాడు. హంతకుడి దగ్గరున్న తుపాకులు దొంగవి కావు. అన్నిటికీ లైసెన్స్ ఉంది.

తల్లిదండ్రులు ఊరుకోలేదు. స్నోడ్రాప్ అనే పిటిషన్ మొదలైంది, 7 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. 1997లో రెండు చట్టాలొచ్చాయి. మొదటిది .22 క్యాలిబర్ చిన్న పిస్టల్స్‌ని వదిలేసింది. అదే ఏడాది ప్రభుత్వం మారి, రెండో చట్టం వాటినీ కలిపేసింది. జనం అప్పగించిన తుపాకులు 1,60,000 పైనే.

ఆ చట్టం రాసిన తీరు చూడండి. "పిస్టల్ నిషేధం" అని ఊరుకుంటే రేపు కోర్టులో పిస్టల్ అంటే ఏంటి అని వాదన మొదలవుతుంది. అందుకే కొలత పెట్టారు: బ్యారెల్ 30 సెంటీమీటర్ల కన్నా తక్కువున్నా, మొత్తం పొడవు 60 సెంటీమీటర్ల కన్నా తక్కువున్నా నిషేధం. బ్యారెల్ ముందు నుంచి మందు కూరే పాతకాలం తరహా వాటికి, ఎయిర్ గన్స్‌కి మినహాయింపు.

పోటీల్లో రివాల్వర్ కాల్చేవాళ్లు ఏం చేశారు? కొందరు 30 సెంటీమీటర్లు దాటే బ్యారెల్, పిడి వెనక నుంచి పొడుచుకొచ్చే ఒక కడ్డీ ఉన్న రివాల్వర్లకి మారారు. ముందూ వెనకా కలిపి 60 దాటుతుంది. చూడ్డానికి రివాల్వర్‌కి సెల్ఫీ స్టిక్ తగిలించినట్టుంటుంది. బట్టల హ్యాంగర్ అని వాళ్లలో వాళ్లే జోకులేసుకుంటారు. ఇంకొందరు రివాల్వర్‌ని ముందు నుంచి మందు కూరే పద్ధతికి మార్పించుకున్నారు. అంటే 1850ల టెక్నాలజీకి వెనక్కి నడిచారు.

"ఇది చట్టాన్ని మోసం చేయడమే కదా బ్రో" అనిపించొచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. నేను పనిచేసిన ఒక కంపెనీలో ఆడిట్ వాళ్లు పాస్‌వర్డ్‌లో 8 అక్షరాలు, ఒక అంకె, ఒక గుర్తు ఉండాలన్నారు. మర్నాడు టీమ్‌లో సగం మంది పాస్‌వర్డ్ కంపెనీ పేరు, పక్కన 1, దాని పక్కన ఆశ్చర్యార్థకం. రూల్ పాస్, సెక్యూరిటీ సున్నా. బ్రిటన్ కడ్డీ కూడా అలాంటిదే అనుకున్నా. కానీ ఆలోచిస్తే అది తప్పు పోలిక. డన్‌బ్లేన్ తర్వాత భయం ఏంటి? జేబులో, సంచిలో దాచుకుని స్కూల్లోకి నడిచెళ్లే తుపాకీ, క్షణాల్లో మళ్లీ మళ్లీ లోడ్ చేసుకునే తుపాకీ. 60 సెంటీమీటర్ల పొడుగున్నదాన్ని ఎక్కడ దాస్తావు? ముందు నుంచి మందు కూరుతూ ఎంతమందిని కాలుస్తావు? చూడ్డానికి నవ్వొచ్చినా, చట్టం అడిగింది దక్కింది. జర్మనీలో తుపాకీ ముచ్చటగానే ఉంది, చట్టం అడిగిందే దక్కలేదు. నా పాస్‌వర్డ్ కథ జర్మనీ పక్కన పెట్టాల్సింది.

దీనికి ఖర్చు కూడా ఉంది, దాచకూడదు. నేరమేమీ చేయని వేల మంది క్రీడాకారుల ఆట పోయింది. 2012లో ఒలింపిక్స్ లండన్‌లోనే జరిగితే, పిస్టల్ పోటీలు పెట్టుకోవడానికి ప్రత్యేక అనుమతి కావాల్సొచ్చింది. ఆ పిల్లల తల్లిదండ్రుల్ని అడిగితే అది తక్కువ ఖర్చే అంటారు. నేనూ అదే అంటాను.

ఇప్పుడు మనవాళ్లు చాలామంది చదువుకోడానికి వెళ్తున్న కెనడా. 1995 చట్టంలో అక్కడ కొలత ఇంకోలా పెట్టారు. బ్యారెల్ 105 మి.మీ. లేదా అంతకన్నా తక్కువైతే నిషేధం. ఇంకా, .25, .32 క్యాలిబర్ హ్యాండ్‌గన్స్ కూడా నిషేధం, కొన్ని పోటీ పిస్టల్స్ తప్ప. ఇక్కడ భయం సైన్యం గురించి కాదు, చిన్నగా ఉండి జేబులో పట్టేవాటి గురించి.

ఒక్క నిమిషం ఇండియాకి వద్దాం, ఎందుకంటే ఇది విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. మన దగ్గర లైసెన్స్ ఉన్న మామూలు మనిషికి 9 మి.మీ. పిస్టల్ దొరకదు, అది నిషేధిత బోర్. దొరికేది .32. కాన్పూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో పాత వెబ్లీ రివాల్వర్ డిజైన్‌ని .32కి కుదించి చేస్తున్నదే. 2014లో మహిళల కోసమని తెచ్చిన "నిర్భీక్" కూడా .32నే. మన చట్టం భయం ఏంటంటే, పోలీసు, సైన్యం వాడే తూటా జనం తుపాకీలో పట్టకూడదు. ఇది బ్రిటిష్ వాళ్ల కాలం నాటి భయం. 1907లో వాళ్లు ఇండియాలో .450 రైఫిళ్లు నిషేధిస్తే, లండన్ కంపెనీలు వేటగాళ్ల కోసం .465, .470 అంటూ కొత్త సైజులు తయారుచేశాయి. అంటే కాన్పూర్‌లో "సామాన్యుడికి ఇవ్వొచ్చు" అన్న .32, టొరంటోలో "ఎవరికీ ఇవ్వొద్దు" అన్న లిస్టులో ఉంది.

మళ్లీ లూగర్. యుద్ధం నుంచి కెనడా సైనికులు గుర్తుగా తెచ్చుకున్న లూగర్లు చాలా ఇళ్లలో ఉన్నాయి. బ్యారెల్ సుమారు 100. 5 మి.మీ. తక్కువ. అప్పటికే రిజిస్టర్ అయి ఉన్నవాటిని ఓనర్లు ఉంచుకోవచ్చన్నారు. 1946కి ముందు తయారైనవైతే భార్య లేదా భర్త, తోబుట్టువులు, పిల్లలు, మనవలకి ఇవ్వొచ్చన్నారు. కుటుంబం బయటివాళ్లకైతే, అప్పటికే అలాంటివి ఉంచుకునే హక్కున్న ఓనర్లకి తప్ప ఇవ్వకూడదు.

ఇంకో దారి బ్యారెల్ మార్పించడం. 105 దాటితే చాలు, అందుకే కొన్ని కంపెనీలు కెనడా మార్కెట్ కోసం 106 మి.మీ. బ్యారెల్‌తో కొత్త పిస్టల్స్ కూడా చేశాయి. కానీ పాత లూగర్‌కి అది వేరే లెక్క. దాని బ్యారెల్ మీద, బాడీ మీద ఒకే సీరియల్ నంబర్ కొట్టి ఉంటుంది. ఆ నంబర్లు కలిస్తేనే అది చరిత్ర, సేకరించేవాళ్లు విలువ కట్టేది దానికే. బ్యారెల్ మారిస్తే చట్టం ఒప్పుకుంటుంది, కానీ తాత తెచ్చిన వస్తువు సగమే మిగులుతుంది. మార్చకపోతే వస్తువు మొత్తం ఉంటుంది, కానీ తీసుకునే మనవడు లేకపోతే దానికి మిగిలే దారులు తక్కువ.

ఈ లెక్కలన్నీ వేసుకుని కొందరు మార్పించారు. 2022 అక్టోబర్ 21న కెనడా హ్యాండ్‌గన్స్ అమ్మకం, కొనుగోలు, చేతులు మారడం కొన్ని మినహాయింపులతో ఆపేసింది. 2023 డిసెంబర్‌లో అది చట్టం కూడా అయింది. 106 ఉన్నదీ, 100 ఉన్నదీ ఇప్పుడు ఒకే బీరువాలో ఉన్నాయి.

ఇవాళ్టికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.